ఇంకో బెత్తెడు

అతిథి రాకముందే రాదోయ్కా కొత్త ఎత్తు మడమల బూట్లు తొడుక్కుని వంటింట్లో తూలుతూ తిరుగుతోంది.

"ఇంట్లో బూట్లేమిటమ్మా?" అన్నాడు కొడుకు వుకాషిన్ వింతగా. ఆ ఇంట్లో ఎవరూ బూట్లతో గడప దాటరు. పోస్టుమాన్ కూడా సాక్సులతోనే లోపలికొచ్చి కాఫీ తాగి పోతాడు.

"ఫ్యాషన్‌రా. నోర్మూసుకుని కాఫీ పొంగకుండా చూడు."

జుట్టు కూడా నడినెత్తిన ఎత్తుగా కొప్పు పెట్టింది. అద్దంలో చూసుకుంటే తనకే నవ్వొచ్చింది. నవ్వే ఓపిక మాత్రం లేదు.

వుకాషిన్‌కి పదిహేడేళ్లు. ఉజిత్సెలో ఓ చిన్న బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఈ ఏడాదే జీతం మీద ఆడుతున్నాడు. ఆ క్లబ్బు కాస్తా వేసవికి మూతపడుతోంది. ఎవరైనా పెద్ద క్లబ్బువాళ్లు తీసుకుంటే సరేసరి, లేదంటే మేనమామ షాపులో టైర్లు మార్చుకుంటూ బతకాలి. బంతి తప్ప వాడికి ఇంకో లోకం తెలియదు. తండ్రి పోయినప్పుడు నెల్లాళ్లపాటు ఎవరితోనూ మాట్లాడలేదు, పెరట్లో బంతి కొడుతూనే ఉన్నాడు. ఆ బంతి కూడా పోతే వాడేమైపోతాడోనని రాదోయ్కా బెంగ.

నిన్నటి మ్యాచ్‌కి బెల్‌గ్రేడ్ నుంచి తిహోమిర్ గారు వచ్చారు. అక్కడి పెద్ద క్లబ్బులో కుర్రాళ్లను ఎంచేది ఆయనే. వుకాషిన్ ప్రాణం పెట్టి ఆడాడు. మ్యాచ్ అవగానే కోచ్ జివాదిన్ ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఆట నచ్చిందాయనకి! రేపు మీ ఇంటికొస్తాడు. నిన్ను చూడాలట."

"నన్నా? ఆడేది వాడు కదా?"

"కుర్రాడు ఇంకెంత పెరుగుతాడో తల్లిని చూసి చెప్తాడాయన. ఎముకల ఎక్స్‌రేలంటే నవ్వుతాడు. ముప్పై ఏళ్లుగా అదే లెక్క."

"తల్లినా?" అంది రాదోయ్కా. ఫోన్ పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది. నిటారుగా నిలబడితే ఆమె తల కొడుకు చంక దాకా వస్తుంది.  ఇవాళ పొద్దున బూట్ల షాపు తెరవకముందే వెళ్లి తలుపు ముందు నిలబడి ఆ బూట్లు కొనుక్కొచ్చింది.

తిహోమిర్ గారు చెప్పిన వేళకే వచ్చారు. తన బూట్లు గుమ్మం దగ్గర విడిచారు. ఆమె బూట్ల వైపు ఒకసారి చూశారు. అతిథికి ముందుగా పెట్టే చెర్రీ పాకం చెంచాడు నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నేరుగా విషయంలోకి దిగారు.

"కుర్రాడి చేతులు బంగారం. బుర్ర పాదరసం. ఎవడెక్కడున్నాడో తల తిప్పకుండానే బంతి అందిస్తున్నాడు. ఇలాంటి ఆట చూసి చాలా కాలమైంది."

వుకాషిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"కాళ్లలో వేగం లేదు. అది నేర్పితే వచ్చేది కాదు. ఇంకో బెత్తెడు పెరిగాడా, వీణ్ణి ఆపేవాడుండడు. పెరగలేదా, పెద్దవాళ్ల మధ్య పడి నలిగిపోతాడు. ఉన్న మాట చెప్తున్నా."

"పెరుగుతాడండీ! పోయినేడు కొన్న ప్యాంట్లు అప్పుడే పిక్కల మీదికొచ్చేశాయి," అంది రాదోయ్కా గబగబా.

ఆయన గోడ మీద పెళ్లి ఫొటో చూశారు. అందులో పెళ్లికొడుకు పెళ్లికూతురి కంటే నాలుగు వేళ్లు పొడుగు, అంతే.

"మా తాత ఉండేవాడండీ," అందామె ఆయన నోరు తెరవకముందే. "గుమ్మాలు తగిలి నుదురెప్పుడూ బొప్పి కట్టే ఉండేది."

"ఆ ముత్తాత ఇచ్చింది వీడు ఇప్పటికే వాడేసుకున్నాడు తల్లీ. ఏదీ, ఆ బూట్లు విప్పి వీడి పక్కన నిలబడు."

ఆమె ఒక బూటు విప్పింది. కాసేపు ఆగి రెండోది విప్పింది. మడమలు ఒరుసుకుపోయి నెత్తురోడుతున్నాయి. వుకాషిన్ చూసి ఆమె భుజం చుట్టూ చెయ్యేశాడు. తిహోమిర్ గారు ఆమె మణికట్లు చూశారు, మోకాళ్లు చూశారు, నిట్టూర్చారు.

"నీ ఎముకలే వచ్చాయి వీడికి. ఇక్కడితో ఆగిపోతాడు."

"ఒక్క ఏడాది చూడండి. జీతం వద్దు, తిండి పెట్టండి చాలు. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నా దగ్గరున్నది ఒక్క చోటమ్మా. పెరిగేవాడికే ఇవ్వాలి."

"మీ లెక్క తప్పు కావచ్చు కదా!"

"ఇంతవరకూ తప్పలేదు," అంటూ ఆయన లేచి తన బూట్లు వెతుక్కున్నారు. పాపం, ఆయనకూ బాధగానే ఉంది.

 వుకాషిన్ నవ్వాడు.

"పోనీలేమ్మా. మావయ్య షాపులో కార్ల కింద దూరాలంటే ఈ ఎత్తే ఎక్కువ. ఎత్తెందుకు నాకు, నీ పోలికొచ్చిందిగా, అది చాలు."

చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపు ఆపుకుంటే వాడి గడ్డం వణుకుతుంది. ఇప్పుడూ వణుకుతోంది. రాదోయ్కా ఆ గడ్డం వంక చూసింది. ఇక చూడలేకపోయింది.

వట్టి కాళ్లతోనే పరుగున వెళ్లి తిహోమిర్ గారికీ గుమ్మానికీ మధ్య అడ్డంగా నిలబడింది. తలుపు గట్టిగా పట్టుకుంది. కొడుకు వైపు మాత్రం తిరగలేదు.

"వీణ్ణి కన్నావిడ చాలా పొడుగండీ," అంది.