నెమ్మది దొరికిన చోటు

"కళ్లు మూసుకోండి. మీ మనసు కుదుటపడే చోటుకు వెళ్లండి," అంది పూర్ణిమ, వేపచెట్టు కింద చాప మీద కూర్చుని.

పనిభారంతో నిద్ర కరువైన ఉద్యోగులను ఆఫీసువాళ్లే మొయినాబాద్ దగ్గరి ఈ ఫామ్‌హౌస్‌కు ధ్యానం కోసం పంపారు. వాళ్లలో ఒకడైన వరప్రసాద్ చూపు, బస్సు గేటు దాటినప్పటి నుంచి ఆ చెట్టు మీదే ఉంది.

కళ్లు మూసుకున్నాడు. పచ్చటి లాన్ పోయి ఎర్రమట్టి వచ్చింది. అవ్వ, అతని కన్నతల్లి, టమాటాల గంప దించి, కొంగుతో అతని మొహం తుడిచింది.

"గింత అలిసిపోయినవేంది బిడ్డా? ఆ ఫోన్ పక్కకు పెట్టు. జర నా పక్కన పండుకో."

పడుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత అతని భుజాలు వదులయ్యాయి.

"ఇక మెల్లగా తిరిగి రండి," అన్న మాట వినిపించింది. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

పూర్ణిమ తృప్తిగా నవ్వింది. "చాలా దూరం వెళ్లొచ్చినట్టున్నారు. ఎక్కడికి వెళ్లారు?"

"ఎక్కడికీ పోలే మేడం." అతను ఆమె చాప వైపే చూస్తున్నాడు. "ఇది మా చెల్కనే, మేం దున్నుకున్న భూమే. బాపు దీన్ని అమ్మకముందు అవ్వను ఆ వేపచెట్టు కిందనే సమాధి చేసినం. సిలువ తీసేసిండ్రు గానీ, అవ్వ ఆడనే ఉన్నది. మీరు జర పక్కకు జరుగుండ్రి."