బావ బండి అలమార్లు

మా బావ ఇల్లులాంటి బండి కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, తళతళలాడే అలమార్లు. ఆవిరికి ఆ తళతళ పోతుందని పొయ్యి వెలిగించనిచ్చేవాడు కాదు. ప్రయాణాల్లో అక్క రోడ్డు పక్కన కూర్చుని వండేది. బండి మాత్రం మహారాణి!

అంత భద్రంగా చూసినా, ఎండకి అలమార్ల పైపొర పొక్కులు లేచింది.

"ఇక దీని పని అయిపోయింది, అమ్మేస్తా. ఈలోగా జిగురు రాసి అతికించరా బామ్మర్దీ," అన్నాడు బావ.

నాదసలే పొక్కు కనిపిస్తే గిల్లే చెయ్యి. కొస పట్టుకుని సర్రున లాగాను.

"ఓరి, నీ చెయ్యి పడిపోనూ!"

కింద తలుపు అద్దంలా మెరుస్తోంది. ఊడింది బండి కొన్న రోజే తీసెయ్యాల్సిన ప్లాస్టిక్ పొర. గీతలు పడతాయని మహానుభావుడు దాన్ని ఉంచి, ఉంచిన సంగతే మరిచిపోయాడు.

"చూశావా నా జాగ్రత్త! కొత్తదిలాగే ఉంది. ఇక అమ్మను. వెంటనే ఇంకో ప్లాస్టిక్ అంటించు," అన్నాడు బావ మీసం దువ్వుతూ.

అక్క లోపలికొచ్చి పొయ్యి వెలిగించింది. మూకుడు పెట్టి, నూనె పోసి, తడి ఆరని ముక్కలు గుప్పెడు వేసింది. మొదటి చుక్క చిటపటమంటూ ఎగిరి కొత్త తలుపు మీద పడింది.

"మరక! తుడువు!" అని అరిచాడు బావ.

"ఉండండి, ఇంకా వేగలేదు," అంది అక్క.