తాళం డబ్బా

"తాళం ఇలా ఇయ్యండి బాబూ. అదిగో, ఆ గోడకాడ డబ్బాలో ఎట్టీసొత్తాను."

సీతాలు చెయ్యి చాపింది. అర్జునరావు కారు తాళాన్ని జేబులోకి తోసి, పైనుంచి అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు.

"నా కారు తాళం నీకెందుకు?"

"తాళం దగ్గరుంటే కారు మెలకువగా ఉంటాది బాబూ. మీ దానికి ఎనక బంపరు కింద కాలూపితే డిక్కీ తెరుసుకుంతాది కదా. నీళ్ళు తగిలినా కాలే అనుకుంతాది."

"ఇంత పెద్ద కారుకి నీళ్ళకీ కాలుకీ తేడా తెలీదేటి? కథలు చెప్పకు. పోయిన ఆదివారం చార్జింగ్ పెట్టుకుందామని వచ్చినప్పుడు తాళం అడగలేదు. ఈవేళ కొత్తగా ఏటిది?"

"ఆ రోజు నీళ్ళు కొట్టలేదు కదా బాబూ."

అర్జునరావు ఆమెను ఎగాదిగా చూశాడు. తెల్లటి ఎలక్ట్రిక్ కారు. పోర్టు వైపు వెళ్ళి వచ్చినట్టుంది, ఒళ్ళంతా బొగ్గు ధూళి. మధురవాడ కార్ వాష్‌లో పెద్ద బ్రష్షుల మధ్య మసి పట్టిన గిన్నెలా ఉంది.

గాజు గదిలోంచి మేనేజరు పోలిరాజు కూడా చూస్తున్నాడు. కారుని కాదు, సీతాలు చేతుల్ని. వారం నుంచీ అతనికదే పని. పోయిన ఆదివారం ఇక్కడి చార్జింగ్ కేబుల్ మాయమైంది. పొడుగాటి కేబుల్, లోపలంతా రాగి. సీతాలు ఉండేది మల్కాపురంలో. "మీ వీధిలో పాత సామాన్ల కొట్టుందంట కదా?" అని అతను అప్పటికి నాలుగుసార్లు అడిగాడు. ఈ సాయంత్రానికి కేబుల్ కనబడకపోతే రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు.

"పోనీ, లోపల తెరమీద వాష్ మోడ్ అని ఉంటాది. అదైనా నొక్కండి బాబూ," అంది సీతాలు. "వైపర్లు ఆగుతాయి. అద్దాలు ముడుసుకుంతాయి. చార్జింగ్ మూత బిగుసుకుంతాది."

"కెమెరాలూ ఆగుతాయి. అది చెప్పలేదేం?"

"మీ కెమెరాల సంగతి నాకేటి తెలుసు బాబూ?"

"తెలీకుండానే తాళం అడిగి, ఆ తరవాత కెమెరాలు ఆపమన్నావా?" అర్జునరావు నవ్వాడు. అద్దాలు మాత్రం తన చేత్తోనే ముడిచాడు.

సీతాలు కారు ముందుకు వెళ్ళి వంగింది. బంపరుకి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దారం వేలాడుతోంది.

"ఇది తీసీమంటారా? బ్రష్షుకి సుట్టుకుంతాది."

"ముట్టుకోకు," అన్నాడు అర్జునరావు గబుక్కున. "పూజ చేసి కట్టిన దారం. అలాంటిది తెంపితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు బాబూ. నాను తెంపను."

దాన్ని లోపలికి మడిచి, మీద టేపు అంటించింది. లేచి, మళ్ళీ చెయ్యి చాపింది.

"తాళం ఇచ్చీండి బాబూ. నామీద నమ్మకం లేకపోతే మేనేజరు బాబుకియ్యండి."

"ఓహో, ఇద్దరూ ఒకటేనన్నమాట."

"అయితే మీరైనా ఇవతలికి రండి. మీద నీళ్ళు పడతాయి."

"పడనీ. నా కారు నా కళ్ళముందే ఉండాలి." వెళ్ళి, కారు వెనక పసుపు గీత మీద కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

సీతాలు ఆకుపచ్చ మీట నొక్కింది. రోజూ అది నొక్కి తుడిచే గుడ్డల దగ్గరికి పోయే మనిషి, ఇవాళ మెషీన్‌ని ఆపే ఎర్ర మీట మీద వేళ్ళు ఆనించి అక్కడే ఉంది. దసరాకి తను కట్టిన పసుపుకొమ్ము ఆ మీట పక్కన ఇంకా వేలాడుతోంది. ఆ రోజు ఇక్కడ ఏ సామాన్నీ వదలకుండా అన్నిటికీ కట్టింది.

బుస్సుమని కిందినుంచి నీళ్ళు లేచాయి. ముందు చక్రాలు, తరవాత వెనక చక్రాలు, తరవాత వెనక బంపరు.

కారు కుయ్యిమంది. డిక్కీ తాపీగా పైకి లేచింది.

బ్రష్షు అక్కడికి రాకముందే సీతాలు ఎర్ర మీట నొక్కేసింది. నీళ్ళు ఆగాయి. అర్జునరావు పరుగెత్తి డిక్కీ మూత మీద రెండు చేతులూ వేశాడు. అది మొరాయించి, మళ్ళీ పైకే లేచింది.

"ఏటయ్యింది? లోపలికి నీళ్ళెళ్ళాయేటి?" అంటూ వచ్చిన పోలిరాజు డిక్కీలోకి చూసి ఆగిపోయాడు.

గొడుగు పక్కన చుట్టలు చుట్టిన నల్లటి కేబుల్ ఉంది. దాని మెడకి పసుపుకొమ్ము కట్టిన దారం. దారం తెగలేదు.

పోలిరాజు కేబుల్‌నీ, అర్జునరావునీ మార్చి మార్చి చూశాడు.

"నాదే అనుకుని… పొరపాటున…" అన్నాడు అర్జునరావు.

"పొరపాటే బాబూ," అంది సీతాలు. కేబుల్ తీసి భుజాన వేసుకుంది. "దారం మాత్రం బెమ్మాండంగా కాపాడినారు."

సగం తడిసిన కారు, బొగ్గు చారలతోనే రోడ్డెక్కింది.

పోలిరాజు చాలాసేపు తల ఎత్తలేదు. సీతాలు కేబుల్‌ని దాని మేకుకి తగిలించి, దారం సరిచేసే దాకా ఆగాడు.

"నామీద కోపం ఎట్టుకోకు సీతాలమ్మా. రేపు మామూలుగా వచ్చీ," అన్నాడు. "అయినా నీ అదృష్టం బాగుంది. తాళం ఇయ్యమని ఆయన్ని అంతలా బతిమాలినావు. ఇచ్చీసుంటే డిక్కీ తెరుచుకునేదా, కేబుల్ తియ్యలేదన్న నీ మాట నిలబడేదా?"

సీతాలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"జేబులోనే ఉంచుకోండి బాబూ అనుంటే, ఆయనే ఎల్లి డబ్బాలో ఎట్టీసుండేవోరు."