వంతెనకు దగ్గు తగ్గింది

విశాఖ రేవు మీది వేలాడే వంతెన, ఎక్కినవాళ్లకు తన చరిత్ర తానే చెబుతుంది. ఆ గొంతు దాని ఇనుపతాళ్లు బిగించిన అప్పన్నది. బతికుండగా రికార్డు చేశారు. అతను పోయినా, భార్య నూకరత్నం చేపల గంపతో రోజూ వింటూ దాటుతుంది. తుఫానుకు తాడు తెగిన సంగతి దగ్గర, ఆ రికార్డులో అతనికి దగ్గొచ్చేది.

"కాసిన్ని నీల్లు తాగయ్యా, తరవాత సెబుదువుగాని," అనేది.

నిన్న వంతెనకు కొత్త కంప్యూటరు తెలివి పెట్టి, గొంతు శుభ్రం చేశారట. ఇవాళ కథలో తుఫాను వచ్చింది, తాడు తెగింది, దగ్గు రాలేదు. నూకరత్నం గంప దించి నిలబడిపోయింది. కింద ఓడలు కూతలు పెడుతున్నాయి. ఏడుపు అడ్డంపడి ఆమే దగ్గింది.

వంతెన కథ ఆపింది. బతికినన్నాళ్లూ ఆమెను "ఓలమ్మీ" అని పిలిచిన గొంతు, ఎంతో మర్యాదగా అంది:

"మంచినీళ్లు తాగండి, మేడమ్."