గురి చూసి పో

“రాళ్ళు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి, ఇప్పుడు కొండ దిగుతావా? బుద్ధుందా నీకు?” తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు డోన్ ఎవరిస్తో.

“అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంది! రాత్రి భూకంపం వచ్చినప్పట్నించీ ఫోన్ కలవడం లేదు. తప్పుకోండి!” అంది యాస్నా.

ఆయన ఆ కొండమీది అబ్జర్వేటరీకి పెద్ద. టెలిస్కోపు నడిపేది ఈ పిల్ల. రోడ్డు కొండచరియల కింద పూడిపోయి ఉంది. లోయ అవతల యాస్నా వాళ్ళ ఊరు ఉత్త కంటికి దుమ్ములో మసక మరకలా కనిపిస్తోంది, అంతే.

“సరే, పో. పోయేముందు గురి చూసి పో.”

యాస్నాకి ఒళ్ళు మండిపోయింది. మా చిలీలో భూమి ఊగడం కొత్తేం కాదు. ఊగినప్పుడల్లా టెలిస్కోపుని ఊళ్ళో చర్చి శిలువ మీదికి తిప్పి, గురి చెదిరిందేమో చూసి సరిచేస్తారు. ఎప్పుడూ ఉన్న పద్ధతే. కానీ ఇవాళ కూడానా?

“మనుషులు ఉన్నారో పోయారో తెలీదు, మీకు గురి కావాలా? మీది గుండేనా, బండరాయా?”

“బండరాయే. తిప్పి పెట్టాను. శిలువ నడిమధ్యలో ఉందో లేదో చెప్పి, నీ దారిన నువ్వు పో.”

విసవిసా వెళ్ళి గొట్టానికి కన్ను ఆనించింది.

శిలువ లేదు. ఎవరిదో పెరట్లో ఒక పెద్దావిడ వంటింటి కుర్చీ వేసుక్కూచుని టీ తాగుతోంది. మధ్యమధ్యలో కుక్కకి వేలు చూపించి తిడుతోంది. ఆ గొట్టంలో అన్నీ తలకిందులుగానే కనబడతాయి. అయితే మాత్రం కన్నతల్లిని పోల్చుకోలేదా?

“అమ్మా!” నేలమీద కూలబడింది యాస్నా. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. హమ్మయ్య, దేవుడా, హమ్మయ్య!

అంతలోనే గబుక్కున లేచి మళ్ళీ గొట్టంలోకి చూసింది. శిలువ ఉండాల్సిన చోట అమ్మ ఎందుకుంది?

“అయ్యో, డోన్ ఎవరిస్తో! గురి ఇంత తప్పిందేమిటి! టెలిస్కోపు కింద స్తంభం ఒరిగిపోయినట్టుంది. మన పని అయిపోయింది!”

“స్తంభానికేం కాలేదు. గురి కాస్త చెదిరింది, శిలువ చూసి పొద్దున్నే సరిచేశాను” అన్నాడాయన, ఎటో చూస్తూ. “మీ అమ్మ క్షేమమేనని నా నోటితో చెబితే నమ్ముతావా? నిన్ను ఆపడానికి అబద్ధమాడానంటావు. ఆ ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఎర్ర రేకులేనమ్మాయ్, ఆవిడ పెరడు దొరికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది!”