బాగా తినాలంటే కంకిపాడు

"మా వలెన్సియాలో మంచి అన్నం కోసం ఊళ్లకు ఊళ్లు తిరుగుతాం. ఇక్కడ ఎక్కడ బాగుంటుంది?" గన్నవరంలో విమానం దిగి టాక్సీ ఎక్కిన, తెలుగు నేర్చుకున్న స్పెయిన్ ఆవిడ అడిగింది.

"కంకిపాడులో అల్లాబక్ష్ గారి హోటలండీ. బిర్యానీ అంటే అక్కడే తినాలి," అన్నాడు డ్రైవర్ ఫిలిప్.

హోటల్ ముందు కారాపి అతను ఎప్పటిలాగే దిగకుండా కూర్చున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. బలవంతాన లోపలికి తీసుకెళ్లి తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

ప్లేట్లు తెచ్చిన అల్లాబక్ష్ ఫిలిప్ మొహం చూశాడు. ప్లేట్లు నేలకేసి కొట్టి, ఇనుప గరిటె అందుకుని అతని తలమీద మోదాడు. కింద పడ్డా ఆగలేదు.

"నా పెళ్లాన్ని కారుతో గుద్ది చంపావు. కోర్టు వదిలేసిందని నా హోటల్‌కే తినడానికొచ్చావురా?"

ఫిలిప్ చెయ్యి అడ్డం పెట్టలేదు. నెత్తురు కళ్లలోకి కారుతోంది.

ఆవిడ అరుస్తూ మధ్యలోకి వచ్చింది. "ఈ జిల్లాలో ఇంతకంటే మంచి తిండి లేదని నన్ను తీసుకొచ్చింది ఇతనే!"

అల్లాబక్ష్ చెయ్యి ఆగింది. పెళ్లాం పోయినప్పటి నుంచీ, మూడేళ్లుగా గన్నవరం నుంచి కార్లలో జనం వస్తూనే ఉన్నారు.

"వాళ్లందర్నీ పంపింది నువ్వేనా?"

"స్టాండులో డ్రైవర్లందరికీ చెప్పానండీ. ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

"అంటే మూడేళ్లుగా నేను తింటున్న కూడు నువ్వు పెట్టిందా?"

అల్లాబక్ష్ పొయ్యి మీది బిర్యానీ గుండిగను వట్టి చేతులతో ఎత్తాడు. చేతులు కాలుతున్నా రోడ్డు దాటి, మొత్తం కాలువలో కుమ్మరించాడు.

ఆ హోటల్ మళ్లీ తెరవలేదు.