ఇడ్లీల బరువు

“చట్నీ మీద పోసుకోకు. ఆ చొక్కాతోనే జడ్జిగారి ముందు నిలబడాలి,” అన్నాడు కానిస్టేబుల్ రూఫస్.

అనకాపల్లి కోర్టు వరండాలో ముద్దాయి సత్తియ్య ఇడ్లీలు తింటున్నాడు. ఎడంచేతికి బేడీ, కుడిచేతికి చట్నీ.

“ఆ సంచీలో దొరికిన గంజాయి కన్నా, ఏడాదిగా గవర్నమెంటు నాకెట్టిన ఇడ్లీలే ఎక్కువ తూగుతాయి బాబూ!”

రూఫస్‌కి నవ్వొచ్చింది. నిజమే మరి! వాయిదా వాయిదాకీ విశాఖ జైలు నుంచి బస్సు, ఇద్దరు పోలీసులు, టిఫిను, భోజనం. తీరా వచ్చాక ‘సాక్షి రాలేదు’ అన్న ఒక్క ముక్క విని మళ్ళీ బస్సెక్కడం. పెళ్ళికొడుకుని కూడా ఇన్నిసార్లు ఊరేగించరు.

“ఇంతకీ ఆ సంచీ నీదేనా?”

“నాది కాదు బాబూ. బస్సులో నా సీటు కింద దొరికింది. ఎట్టినోడు ముందే దిగిపోయేడు. పక్క సీట్లో ముసలాయన సూసేడు. ఎండుసేపలమ్ముకునే మనిసి, ఎప్పుడూ మూటతోనే తిరుగుతాడంట. ఆయనొచ్చి సెప్తే ఈయాలే ఇంటికెల్లిపోతాను. రాకపోతే వేసవెల్లేకే వాయిదా అన్నారు జడ్జీగారు.”

చివరి ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ అన్నాడు. “మా పాప నడిసేత్తందంట బాబూ. నానింకా సూళ్ళేదు.”

రూఫస్ మనసు కరిగిపోయింది. బాపట్ల మనిషి, ఈ జిల్లాకి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు.

“ఎండుచేపల మూట కనబడనీ, ఎత్తుకొనైనా తీసుకొస్తా,” అని మాటిచ్చాడు.

కూడా వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌గారు సత్తియ్యని చేతులు కడిగించడానికి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. రూఫస్ కళ్ళన్నీ గేటు మీదే పెట్టాడు.

ఎక్కణ్ణించి వచ్చాడో, ఓ ముసలాయన సరిగ్గా ఆ కళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. చిరుగుల చొక్కా, ఖాళీ చేతులు.

“ఎవరయ్యా నువ్వు?”

“పరదేశిని బాబూ.”

అయ్యో పాపం, దిక్కులేనివాడు కాబోలు అనుకున్నాడు రూఫస్.

“ఇక్కడ నిలబడకూడదు తాతా. పక్కకి జరుగు.”

“జడ్జీగారికి ఓ ముక్క సెప్పాలి బాబూ.”

“అందరూ ఆయనకే చెబుతామంటే ఎట్టా? ఇదుంచు.” పది రూపాయల కాగితం చేతిలో పెట్టాడు.

ముసలాయన ముఖం చేటంత అయింది. “బస్సు డబ్బులు కూడా ఇచ్చేత్తన్నారేటి! అయితే ఈయాల నాను ఎల్లిపోవచ్చా?”

“హాయిగా వెళ్ళు.”

“సల్లగుండు బాబూ!” దండం పెట్టి వెళ్ళిపోయాడు.

తన దయాగుణానికి తనే మురిసిపోతూ రూఫస్ మళ్ళీ గేటు వైపు చూశాడు. మూట లేదు, మూట మోసేవాడూ లేడు. ఈలోగా సత్తియ్య హెడ్డుగారితో వచ్చి పక్కన నిలబడ్డాడు.

లోపల్నుంచి బంట్రోతు కేకేశాడు.

“పరదేశీ! పరదేశీ! పరదేశీ!”

“బిచ్చగాళ్ళని పిలుస్తున్నాడేంది?” అన్నాడు రూఫస్.

“బిచ్చగాళ్ళేటి బాబూ! మా వైపు అది పేరు. ఈదికొకడుంటాడు.” సత్తియ్య ముఖం వెలిగిపోయింది. “నా సాచ్చినే పిలుత్తన్నారు! వచ్చేడేటి?”

రూఫస్ టోపీ ఊడిపోతున్నా ఆగకుండా గేటు దాటి పరిగెత్తాడు.

నక్కపల్లి బస్సు అప్పుడే కదిలింది.

“ఆపండి! ఆపండి!” అని రెండు చేతులూ ఊపాడు.

టాటా చెబుతున్నాడనుకున్నాడు కాబోలు, కిటికీలోంచి ఆ ముసలాయన నవ్వుతూ మళ్ళీ దండం పెట్టాడు. కోర్టులో కంపుకొడుతుందని ఇందాకటిదాకా టీకొట్లో దాచిన ఎండుచేపల మూట, ఆయన ఒళ్ళో భద్రంగా ఉంది.